ఎలుగుబంటి వాటా

ఇప్పపువ్వు డబ్బా మూత తీశానో లేదో, ఆ మత్తెక్కించే తీపి వాసన వంటిల్లంతా కమ్ముకుని, నన్ను నిర్మల్ అవతలి మా ఊరికి, రెండు గుట్టల నడుమనున్న మా చెలకకు లాక్కుపోయింది.

మోదుగు పూలు నానబెట్టి హోళీ ఆడిన రంగు చేతులను ఇంకా వదలకముందే ఇప్పపువ్వు రాలడం మొదలయ్యేది. తెల్లవారుతుండగానే అవ్వ నన్నూ తమ్ముణ్ణీ లేపి, చేతికి గంపలిచ్చి తీసుకుపోయేది. మంచుకు తడిసిన పూలు అరికాళ్లకు మెత్తగా తగులుతుంటే, ఏరినన్ని ఏరి, తిన్నన్ని తిని, ఇంటికొచ్చాక నువ్వులతో దంచిన ముద్దల కోసం కొట్లాడుకునేవాళ్లం. కానీ గట్టు మీది చివరి చెట్టు కింద ఒక్క పువ్వునూ అవ్వ ముట్టనిచ్చేది కాదు. అది ఎలుగుబంటి వాటా. పెద్ద గుట్ట నుంచి చిన్న గుట్టకు పోయే ఎలుగు మా వాగొడ్డు పొదల చాటున నడిచి, అక్కడ ఆగి తిని పోయేది.

"గన్ని పూలు దానికెందుకే అవ్వా?" అని నేను సణిగితే, "కడుపు నిండితే దాని తొవ్వన అది పోతది, మన తొవ్వన మనం పోతం బిడ్డా" అనేది.

తర్వాత పత్తి వచ్చింది. బాపు పొదలు కొట్టించి వాగు అంచుదాకా దున్నించాడు; చుట్టుపక్కల వాళ్లూ అంతే. పందుల బాధకు కంచెలు లేచాయి. చెట్టును మాత్రం ఎవరూ నరకలేదు, దాని కింద పూలూ ఏరలేదు. ఏం తెలివి మాది! వాటా ఉంచి తొవ్వ మూశాం. చిన్న గుట్ట ఎలుగులకు పెద్ద గుట్టతో పొత్తు తెగింది. జత దొరక్క, పిల్లలు పుట్టక, ఉన్న ముసలివి ఒక్కొక్కటే పోయి ఆ గుట్ట ఖాళీ అయింది. పెద్ద గుట్టలో ఇంకా కొన్ని మిగిలాయి. వాటికీ అదే గతి పడుతుందేమోనని నా భయం.

పంపకాల్లో వాగొడ్డు సగం నాకు, సగం తమ్ముడికి వచ్చింది. నా సగంలో కంచె పీకించి, దున్నడం మాన్పించాను. పొదలు మోకాలెత్తు లేచి, సరిగ్గా తమ్ముడి కంచె దగ్గర ఆగిపోయాయి.

"ఉత్తగ పరేషాన్ గాకు అక్కా. వచ్చేటందుకు ఎలుగులేడున్నయి?" అంటాడు వాడు.

"తొవ్వ లేకుంట ఎట్లొస్తయిరా? ముందుగాల తొవ్వ ఇడువు" అంటాను నేను.

చిన్న గుట్ట మీద ఇప్పుడు ఎలుగులు తవ్విన చెదపుట్టలు లేవు, వాగు బురదలో మనిషి పాదంలాంటి ఆ అడుగులూ లేవు. అయినా నేను వదలను. ఈ పూలు నువ్వులతో దంచి, ముద్దలు కట్టి, వాడింటికి పట్టుకుపోతున్నాను. ముందు కడుపునిండా తిననీ. కంచె మాట అప్పుడెత్తుతాను.