జహాజీ అన్న తీసుకెళ్ళిన షికారు

మా జహాజీ అన్న పోయాడని నాకు చెప్పింది బస్సు డ్రైవరు. వంతెన దగ్గర ఎందుకాపావని కసిరితే, "కాకా, శవం పోతావుంది. మీ జహాజీ ముసలాయనే. నీకు తెల్దా?" అన్నాడు. నాకు తెలియదు. నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న నాకు కబురు పెట్టాలని ఎవరికీ తోచలేదు. తోచీ ఊరుకున్నారని నా నమ్మకం.

ఒకే ఓడలో ఫిజీకి వచ్చినవాళ్ళం ఒకరికొకరు జహాజీలం. ఊరూ కులమూ సముద్రంలో కలిశాక మాకు మిగిలిన చుట్టరికం అదే. నాకంటే ఆరేళ్ళు పెద్ద గనక ఆయన అన్న.

పదమూడో రోజున సంఘం పెద్ద లేచి, "చీమకైనా హాని తలపెట్టని మహానుభావుడు" అన్నాడు. మత్తెక్కించే యాంగోనా వేరు రసం తాగుతాడని ఆ మహానుభావుణ్ణి భజనలో చివరి వరసలో కూర్చోబెట్టింది ఈ పెద్దమనిషే. నేను చాలా పుస్తకాలు చదివాను. పోయినవాళ్ళ మీద చెప్పే అబద్ధాలు ఏ భాషలోనైనా ఒక్కటే. అందుకే నేనెరిగిన మనిషి గురించి, నలభై ఏళ్ళు నేను అనుమానించిన మనిషి గురించి రాస్తున్నాను.

గిర్మిట్ అనే మా ఐదేళ్ళ కూలి ఒప్పందంలో అది నాలుగో ఏడు. చెరకు తోటలో మా మీద మేస్త్రీగా ఉన్న సర్దారు కొడుతున్న దెబ్బల గురించి నేనొక అర్జీ రాశాను. తెలుగులోనే రాశాను, సోమవారం వచ్చే ఇన్‌స్పెక్టరు వెంట దుబాసీ ఉంటాడు గనక. అర్జీ నా పెట్టెలో ఉన్న సంగతి అన్నకూ, డోలు వాయించే మా ఇంకో జహాజీకీ మాత్రమే చెప్పాను.

శనివారం మధ్యాహ్నం అన్న మా ముగ్గురి పేర్లతో చీటీ పట్టుకొచ్చాడు. రాత్రి బయట ఉండి ఆదివారం సాయంత్రానికి రావచ్చు. తెల్ల ఓవర్సీయరును మేము కులంబరు అనేవాళ్ళం. బిడ్డ పోయిన తల్లికి కూడా చీటీ ఇవ్వని మనిషి.

"ఎట్టిచ్చాడన్నా నీకు?"

"అడిగితే ఇచ్చాడ్రా."

"నేనడిగితే బూటు చూపించాడే!"

"నువ్వు అడగవు తమ్ముడూ. నిలదీస్తావు."

"వీడు పెళ్ళి అన్నంలో కూడా రాళ్ళేరతాడన్నా. పద పద" అన్నాడు డోలువాడు.

వాయినికోరో ఏటి పక్కన అన్నకు తెలిసిన ఒక ఫిజీ ముసలాయన ఇల్లుంది. ఆ ముసలాయన మాకు బురద పీతలు, ఉడికించిన కర్రపెండలం పెట్టాడు. వేరు నలిపి పిండిన యాంగోనాను కొబ్బరి చిప్పలో పోసి ఇచ్చాడు. చప్పట్లు కొట్టి తాగాలి. డోలువాడు ప్రతి చిప్పకూ పెళ్ళికొడుకు వచ్చినట్టు దరువు వేశాడు. ఆదివారం పొద్దున అన్న నోట్లో చుట్ట వెలిగించుకుని ఏట్లో వెల్లకిలా తేలాడు. పొగ నిటారుగా లేస్తోంది.

"చూడ్రా, మనల్ని మోసుకొచ్చిన ఓడ!" అని డోలువాడు అరిచాడు. "ఈ ఓడలోనన్నా అన్నం సరిగ్గా పెడతారా?"

ఒడ్డున ముసలాయన పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. గిర్మిట్‌లో నేనంతగా నవ్విన రోజు ఇంకోటి లేదు. నవ్వుతూనే, ఈ సుఖానికి బదులుగా ఈయన కులంబరుకు ఏమిచ్చి ఉంటాడని ఆలోచించాను. బయల్దేరదామన్న ప్రతిసారీ "ఇంకాసేపు ఉండరా, నీళ్ళు బాగుండాయి" అన్నాడు. అదీ గుర్తుపెట్టుకున్నాను.

తిరిగొచ్చేసరికి నా గది తలుపు ఊడి ఉంది. పెట్టె బోర్లా పడి ఉంది. అర్జీ లేదు. ఇన్‌స్పెక్టరు రాకముందే, సోమవారం పొద్దున్నే నన్ను కొండల అవతలి తోటకు మార్చేశారు. నా జహాజీలకు దూరంగా మిగతా గిర్మిట్ అక్కడే చేశాను. నన్ను షికారుకు తీసుకెళ్ళి గది ఖాళీ చేయించింది ఎవరో ఎవరూ నాకు చెప్పక్కర్లేదనుకున్నాను. ఆ తరవాత ఆయనతో మాట్లాడలేదు. డోలువాడు రాజీ చెయ్యబోతే వాణ్ణీ గుమ్మం ఎక్కనివ్వలేదు.

నిరుడు మిల్లు ముందు చెరకు లారీల వరసలో అన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"తమ్ముడూ, ఆ అర్జీ రాసినాక ఏం చేశావు?"

"ఏం చేస్తా? చదివి చూసుకున్నా."

"ఎట్ట చదివినావు?"

ఉత్తరమైనా పద్యమైనా గొంతెత్తి చదవడమే మావాళ్ళ అలవాటు. కూలీల గదుల మధ్య చెక్కలు కప్పు దాకా ఉండవు, పైన వట్టి ఇనుప వల. రెండు గదుల అవతల సర్దారు బావమరిది ఉండేవాడు.

"రాగం కూడా తీసినావు గదరా! శనివారం రాత్రి వచ్చి నిన్ను చితకబాదాలనుకున్నారు సర్దారు మనుషులు. కాయితం పోతే పోయింది, మనిషి మిగిలితే చాలనుకున్నా."

"చెప్పొచ్చుగా నాకు?"

"చెప్తే వస్తావా నువ్వు? పెట్టె మీద కూర్చుని తన్నులు తింటావు."

"కులంబరు చీటీ ఎట్టిచ్చాడు?"

"అడిగితే ఇచ్చాడ్రా."

"నేన్నమ్మను" అన్నాను.

"నమ్మాకులే. ఆపొద్దు ఈత మాత్రం బాగుండింది" అని, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని లేచి తన లారీ దగ్గరకు వెళ్ళిపోయాడు. ఆయన నాతో మాట్లాడిన ఆఖరు మాట అది. చీటీ సంగతి నాకు ఈనాటికీ మింగుడుపడలేదు. మిగతాదంతా నిజమేనని అక్కడే, ఆ లారీల మధ్యే నాకు తెలుసు. లేచి వెనక వెళ్ళలేదు.

ఇంతవరకు రాసి, తప్పులేమైనా ఉన్నాయేమోనని మొదటినుంచీ చదువుకున్నాను. వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. తొంగి చూస్తే కోడలు గరిటె పైకెత్తి పట్టుకుని, ఇటే చూస్తూ నిలబడి ఉంది. గరిటె నుంచి పప్పు ఒక్కో చుక్కా పొయ్యిలో పడి చుయ్యిమంటోంది.