చెల్లెలి సంతకం అడిగిన ప్లీడరు

నేను పెంచి చెబుతానని ముందే ఒప్పుకుంటున్నాను.

ప్రొద్దుటూరులో ఇల్లు కొనేటప్పుడు, దస్తావేజు రాసే ఆయన ఉండగా ప్లీడరెందుకని అందరూ అన్నారు. అయినా ఒక ముసలి ప్లీడరును పెట్టుకున్నాను. ఆయన కూర్చున్న పాపాన పోలేదు. రిజిస్ట్రారాఫీసు వసారాలో ఆయన తిరిగిన తిరుగుడుకు బండలు గుంటలు పడ్డాయి. ఉన్నట్టుండి ఆగి, ఇల్లు అమ్మే ఆయన్ను అడిగాడు.

"ఇల్లు మీ నాయన సంపాదనే గదా? మీ చెల్లెలి సంతకం యాడప్పా?"

"ఆ పాపను జమ్మలమడుక్కు ఇచ్చి శానా ఏండ్లాయ సామీ. ఆయమ్మకేం పని?"

"ఆడబిడ్డలకూ ఆస్తి ఇచ్చే కొత్త చట్టం వచ్చినాక మీ నాయన పోయినాడు. ఆమెకూ భాగముంది." నా వైపు తిరిగాడు. "ఆమె సంతకం లేకుంటే నువ్వు కొంటాండేది సగం ఇల్లే, మామా!"

వెంటనే జమ్మలమడుగు పోయి సంతకం చేయించుకొచ్చాను.

ఇందులో బండలు గుంటలు పడింది నిజం. నేను కల్పించింది జమ్మలమడుగు పోవడమొక్కటే. రాహుకాలం వస్తుందని, ఆమె సంతకం లేకుండానే ఆ పూటే రిజిస్టరు చేయించుకున్నాను. ఇప్పటికీ ముక్కూమొహం తెలియని ఆడమనిషి వాకిట్లో నిలబడితే, అన్నం ముందునుంచి లేచి నిలబడతాను.