ఎక్కడో చెప్పు

మా అత్తయ్యది రఫ్ఫు పని. చిరిగిన బట్టని చిరగనట్టు చెయ్యడం. నలభై ఏళ్లుగా వీధివైపు కిటికీ దగ్గర అదే ముక్కాలిపీట, అదే సూదులడబ్బా. కొట్లో దొరికే దారం ముట్టుకోదు. ఏ బట్ట చిరిగితే ఆ బట్ట అంచు మడతలోంచే పోగులు లాగి, ఒక్కొక్కటే అల్లుతుంది. పని అయ్యాక మన ఒళ్లో పడేసి, "ఎక్కడో చెప్పు" అంటుంది. చెప్పగలిగామా, విప్పేసి మళ్లీ చేస్తుంది. అదీ ఆవిడ పొగరు. ఆ పొగరంటే నాకు ప్రాణం.

ఇక ఆవిడ చిన్నకొడుకు, మా మరిది. వస్త్రకళాకారుడట! సూదిలో దారం ఎక్కించడానికి మూడుసార్లు ఎంగిలి చేసి, చివరికి "వదినా, కాస్త ఎక్కించవా" అనే రకం. మాటలు మాత్రం కోటలు దాటతాయి. జ్ఞాపకం, వారసత్వం, గాయం. ఈ మూడు ముక్కలూ తీసేస్తే అతగాడి నోట్లో మిగిలేది నాలుకే.

మొన్నామధ్య ప్రదర్శన పెడుతున్నానని మామయ్యగారి శాలువా అడిగాడు. ఆయన పోయి పదకొండేళ్లు. సిగరెట్టు నిప్పు పడ్డచోట, మేకు పట్టుకున్నచోట, పురుగు కొట్టినచోట అత్తయ్య ఎప్పటికప్పుడు రఫ్ఫు చేస్తూ వచ్చింది. మొత్తం పదిహేడు చోట్లట, నాకు ఒక్కటీ కనపడలేదు. ఆయనదంటూ ఆవిడకి మిగిలింది అదొక్కటే. అతగాడు సుద్దతో గుర్తులు పెట్టుకుంటుంటే ఒక్కొక్క చోటూ వేలుపెట్టి చూపించి, "జాగ్రత్తరా చిన్నోడా" అని ఇచ్చింది.

ప్రదర్శన రోజు నేనూ అత్తయ్యా వెళ్లాం. తెల్లగోడ మధ్యలో శాలువా. దాన్నిండా ఎర్రదారంతో ఇంతింత కుట్లు, గోనెసంచి మూతి కుట్టినట్టు! కింద అట్టముక్క మీద రాసుంది: "మానని గాయాలు. రఫ్ఫు: కళాకారుడి తల్లి."

పైగా గొప్పగా చెప్పుకొచ్చాడు. రఫ్ఫు కనపడకపోతే జనానికి చూపించేదేముంది? అందుకని గుండుసూదితో పదిహేడూ పీకేసి, తనే ఎర్రదారంతో కుట్టాడట. పీకిన పోగులేవిరా అంటే ఊడ్చేశాడట. సొమ్మొకరిది సోకొకరిది అంటారు, ఈ మహానుభావుడు సొమ్ముని కూడా చెత్తబుట్టలో వేశాడు.

అంతటితో ఊరుకున్నాడా? నలుగురి ముందుకి అత్తయ్యని లాక్కొచ్చి, "ఇదంతా మా అమ్మ చేతిపని" అన్నాడు. ఆవిడకి ఇన్నేళ్లూ పని ఇచ్చిన బట్టలకొట్టు ముసలాయన కూడా అక్కడే ఉన్నాడు. కళ్లజోడు సర్దుకుని ఆ కుట్లు చూసి, ఆవిడవైపు జాలిగా చూశాడు. అత్తయ్య ముఖం మాడిపోయింది. ఆ జాలి చూపుకి నాకే ఒళ్లు మండింది.

"నా చెయ్యి కనపడితే అది నా పని కాదురా," అంది.

"అదే కదమ్మా కళ! కనపడాలి."

"ఎవరు? నువ్వా?"

ఆవిడే మేకుల మీంచి శాలువా తీసి, మడిచి చంకలో పెట్టుకుంది. ఒక్కడూ అడ్డం రాలేదు.

ఎర్రదారం విప్పడానికే వారం పట్టింది. అంచు మడతలో పోగులు ఏనాడో అయిపోయాయి కాబట్టి ఈసారి రఫ్ఫుకి కావలసిన పోగుల కోసం శాలువా చివరనే విప్పడం మొదలెట్టింది. జానెడు శాలువా కరిగిపోయింది.

"పొట్టిదైపోతోంది అత్తయ్యా," అన్నాను.

"కప్పుకునేవాడు లేడుగా. ఎంతుంటే ఏంటమ్మా," అంది తలెత్తకుండా.

రెండు నెలల తర్వాత దిగబడ్డాడు మా కళాకారుడు. ఎవరో మ్యూజియం వాళ్లు "మానని గాయాలు" కావాలంటున్నారట. అత్తయ్య శాలువా తెచ్చి అతని ఒళ్లో పడేసింది.

"ఎక్కడో చెప్పు. ఒక్కటి చూపించినా పట్టుకుపో."

కిటికీ దగ్గర ఎండలో పరిచాడు. తిరగేశాడు. గుడ్డివాడిలా వేళ్లతో తడిమాడు. ముప్పావుగంట వెతికాడు, నేను టీ కూడా ఇవ్వలేదు. చివరికి తల గోక్కుంటూ, "ఇది వేరే శాలువా కదమ్మా?" అన్నాడు.

అత్తయ్య దాన్ని అతని చేతుల్లోంచి లాక్కుని మడతపెట్టింది.

"మీ నాన్న శాలువా కూడా గుర్తుపట్టలేవు. జ్ఞాపకాలట, జ్ఞాపకాలు!"