నడిగడ్డ పడవ కమిటీ

ఆ రోజుల్లో నడిగడ్డలో ఎవరి మీదైనా కోపమొస్తే, "నిన్ను పడవ కమిటీల ఏస్త సూడు" అని బెదిరించేవారు. నవ్వకండి. అంతకు మించిన శాపం ఆ ఊళ్లో లేదు.

బీర్పూర్ దాటాక గోదావరి, ఊరివాళ్ల మాటలో గంగ, రెండు పాయలుగా చీలుతుంది. మళ్లీ కలిసేలోపు ఆ రెంటి మధ్య మిగిలిన మట్టి దిబ్బ మీదే నడిగడ్డ ఉంది. వానలు మొదలైతే రాయికల్ అంగడికి పోవాలన్నా, జగిత్యాల దవాఖానకు పోవాలన్నా పడవే దిక్కు. ఊరికంతా ఉన్నది ఒక్కటే పడవ. దాన్ని చూసుకోవడానికి వాడకొకరు చొప్పున నలుగురితో ఒక కమిటీ. జీతం లేదు, బత్తెం లేదు. పడవ కారితే తిట్లు, ఆలస్యమైతే తిట్లు, బర్రెను ఎక్కించుకోకపోయినా తిట్లే.

ఐలమ్మ ఆ నలుగురిలో ఒకతె. పడవ చేయించింది, నడిపింది ఆమె భర్త వెంకటి. అతను పోయాక తారు పూయడం, పలకల సందులు పూడ్చడం ఐలమ్మ వంతుకొచ్చాయి. మిగతా ముగ్గురిలో చిన్నయ్య మగ్గం నేస్తాడు. రాజమల్లు చేపలు పడతాడు. ఆనందం బీడీల కమీషన్‌దారు. పెద్దరికం ఏడాదికొకరి చొప్పున తిరుగుతుంది. ఆ ఉగాదికి అది ఐలమ్మకు రావాలి.

"ఈ యేడు నాతోని కాదు తమ్మీ," అంది ఆమె.

చిన్నయ్య గుచ్చి గుచ్చి అడగలేదు. "మంచిది అక్కా, ఇంకో యేడు నేనే ఉంట తియ్," అన్నాడు.

ఐలమ్మ ఎందుకు తప్పుకుందో అందరికీ తెలుసు. అవి తొంభై దాటిన తొలి ఏళ్లు. ఇటు ఒడ్డున, జగిత్యాల దిక్కు పోలీసు క్యాంపు. అటు ఒడ్డున అడవి, అడవిలో అన్నలు. ఆ ఎండాకాలం ముందు అన్నలొచ్చారు. వానలు పడగానే పడవ అటు ఒడ్డునే ఉండాలన్నారు, పోలీసులు ఎక్కినట్టు తెలిస్తే కమిటీ పెద్దమనిషి జవాబు చెప్పాలన్నారు. నాలుగు రోజులు తిరక్కుండానే పోలీసులొచ్చారు. పడవ మా క్యాంపు ముందు కట్టేయాలి, అటు పోయిందని తెలిస్తే పెద్దమనిషి ఉండడన్నారు. పడవ ఏ ఒడ్డున కట్టినా చావు చిన్నయ్యకే రాసి పెట్టి ఉంది. తనకు రావలసిన గండం కాదా ఇది అని ఐలమ్మకు అన్నం సయించేది కాదు.

అయితే అప్పటికి ఎండాకాలం. మోకాటి లోతు నీళ్లలో నడిచే దాటుతున్నారు, పడవతో పని లేదు. పని లేని పడవను గంగ ఒడ్డు ఊళ్లలో ఎవరూ ఎండలో వదిలిపెట్టరు. కట్టె ఎండితే పలకలు నెర్రెలిస్తాయి. అందుకని రాతి గుండ్లు నింపి మడుగులో ముంచేస్తారు, వానలు దగ్గరపడ్డాక లేపుతారు. నడిగడ్డ పడవ కూడా అట్లాగే తుమ్మచెట్ల కింది మడుగులో నీళ్లడుగున పడుకుని ఉంది.

ఒకనాడు పొద్దున నూలు తేవడానికి సిరిసిల్ల బయలుదేరిన చిన్నయ్యను క్యాంపు దగ్గర ఆపారు. పడవ ఎక్కడని అడిగారు. ఉన్నమాటే చెప్పాడు పాపం.

"ముంచినం సార్."

సొంత పడవను ఎవడైనా ముంచుకుంటాడా? అన్నలకు అప్పజెప్పి మాతోనే పరాచికాలా అని లోపల వేసి కొట్టారు.

మధ్యాహ్నానికి చిన్నయ్య భార్య శాంత ఐలమ్మ వాకిట్లో వచ్చి పడింది. "అక్కా, పొద్దుగూకినంక జీపుల అడివికి తీస్కపోతరట. జవాన్లు అనుకుంటుంటే ఇన్న."

జీపులో అడవికి పోయినవాళ్లు తిరిగి రారు. ఎదురుకాల్పులని మర్నాడు పేపర్లో వస్తుంది. ఐలమ్మ ముందు రాజమల్లు ఇంటికి పోయింది, ఆనందం అక్కడే ఉన్నాడు.

"పడవ లేపి సూపిద్దాం. ఇంక తొవ్వ లేదు," అంది.

"లేపితే పోలీసులు వాళ్ల ఒడ్డుకు గుంజుకపోతరు," అన్నాడు ఆనందం. "గప్పుడు అన్నలు ఊకుంటరా? మనం పోతే మనల్ని గూడ గదే జీపుల ఏస్తరు."

రాజమల్లు వల చిక్కు విప్పుతూ కూర్చున్నాడు. వాళ్లనని ఏం లాభం, ఎవరి ప్రాణం వాళ్లకు తీపి. ఐలమ్మ ఒక్కతే పాయ దాటింది.

క్యాంపులో ఎస్సై ఆమెను పైనుంచి కింది దాకా చూశాడు. "నడు, చూపించు. లేకపోతే ఇద్దరినీ కలిపే పంపిస్తా," అన్నాడు. చిన్నయ్యను రెక్కలు విరిచి కట్టి తెచ్చారు. కింది పెదవి వాచి వేలాడుతోంది. తువాలతో తుడుద్దామని ఐలమ్మ చెయ్యి చాపింది, జవాను మధ్యలో తుపాకి పెట్టాడు.

మడుగు దగ్గర తుమ్మ వేరుకు పడవ తాడు కట్టి ఉండాలి. లేదు. వేరు మీద తాడు ఒరుసుకున్న గుర్తు మాత్రం ఉంది.

ఎవరన్నా కోసుకుపోయారా? అన్నలే లేపుకుపోయారా? అదే అయితే చిన్నయ్యను తన చేతులతో చంపినట్టే. ఐలమ్మ చీర ఎగగట్టి మడుగులోకి దిగింది. నడుం లోతు, రొమ్ము లోతు. కాళ్లతో అడుగంతా తడిమింది. బురద, బురద, ఇంకా బురద.

"ఇంతసేపా? నాటకాలా?" అన్నాడు ఎస్సై. చిన్నయ్యను మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. జవాను తుపాకి గొళ్లెం లాగిన చప్పుడు నీళ్లలో ఉన్న ఆమెకు బాగా వినిపించింది.

అప్పుడు పొదల చాటునుంచి రాజమల్లు చేతులు పైకెత్తి బయటికొచ్చాడు. వెనకాలే ఆనందం. "మేం గూడ కమిటీనే సార్," అని ఆనందం చెప్పేలోపే రాజమల్లు మడుగులో దూకాడు. ఇంట్లో అన్ని మాటలన్న ఆనందం, ఈత కూడా రాని మనిషి, బొజ్జ మునిగేదాకా దిగాడు. వాళ్లను చూశాక ఐలమ్మకు ఏడుపు ఆగలేదు. మొగం నీళ్లతోనే కడుక్కుంది.

ముగ్గురూ చేతులు పట్టుకుని అడ్డంగా నడిచారు. ఆనందం కాలికే రాతి గుండు తగిలింది. మేటవేసిన బురద కింద పలక ఉంది, నాని తెగిన తాడూ ఉంది. ఒక్కొక్క గుండే తీసి ఒడ్డుకు విసిరారు. కడకు పడవ, నీళ్లలోంచి లేచే బర్రె వీపులాగా నల్లగా పైకి తేలింది.

ఎస్సై నీళ్ల అంచుదాకా వచ్చి పడవను చూశాడు. తర్వాత కట్లు విప్పమన్నాడు. "రేపటికల్లా ఇది క్యాంపు ముందుండాలి."

ఇటు బతికించి అటు చంపే మాట అది. ఐలమ్మ ఒళ్లంతా కారుతున్న నీళ్లతోనే నిలబడింది. "నానిన కట్టె సార్. గీ ఎండల పెడితే పలకలు ఇచ్చుకపోతయి. వాన పడేదాక నీళ్లల్లనే ఉండనియ్యున్రి, గప్పుడు మీరు ఎట్లంటే గట్ల."

"అయితే నా కళ్లముందే ముంచండి," అన్నాడతను.

మళ్లీ గుండ్లు నింపసాగారు. రాజమల్లు రెండు చేతులా పెద్ద గుండు తెచ్చి ఇచ్చాడు. ఐలమ్మ అందుకుని పక్కన పెట్టింది. పిడికెడంత రాయి తీసి పడవలో వేసింది. రాజమల్లు ఆమె మొగంలోకి ఒక్కసారి చూశాడు. ఆ తర్వాత అతనూ చిన్నవే ఏరాడు. ఆనందమూ అంతే. ఒడ్డున కూర్చున్న చిన్నయ్య అంతా చూస్తూనే ఉన్నాడు. వెంకటి ఎక్కి తిరిగిన పడవ, అతని చెమట ఇంకిన పలకలు. నిలవ నీళ్లలో పడవను ముంచి ఉంచడానికి ఆ రాళ్లు సరిపోతాయి, వరదకు చాలవు. మునిగిపోతున్న అంచు మీద ఐలమ్మ చెయ్యి కాసేపు అట్లాగే ఉండిపోయింది.

మృగశిర కార్తెలో తొలి వరద వచ్చింది. తెల్లారేసరికి మడుగు లేదు, పడవ లేదు. ఐలమ్మ ఇంట్లో తలుపేసుకుని, పెనిమిటి పోయిననాడు ఏడ్చినట్టు ఏడ్చింది. ఆ వానాకాలం ఊరు తెప్పల మీద నానా కష్టాలు పడింది. కమిటీని తిట్టనివాళ్లు లేరు. ఎస్సై మనిషిని పంపి రెండొడ్లూ వెతికించాడు, దొరకలేదు, వదిలేశాడు.

వరద కొంచెం తీశాక అడవి దిక్కునుంచి తెప్ప మీద దళం వచ్చింది. నలుగురినీ బడి అరుగు మీద కూర్చోబెట్టారు. మీసాలు సరిగా రాని నాయకుడు తుపాకి ఒళ్లో పెట్టుకుని అడిగాడు.

"పడవేది?"

"గంగ కొంటవోయింది," అన్నాడు రాజమల్లు.

"గుండ్లు పెట్టి ముంచిన పడవ ఎట్ల కొట్టుకపోతది?"

అతను ఒక్కొక్కరి మొగమే చూస్తూ వచ్చాడు. "కమిటీ పెద్దమనిషి ఎవరు?"

చిన్నయ్య లేవబోయాడు. పెదవి మీద గాయం ఇంకా మానలేదు. ఐలమ్మ అతని భుజం మీద చెయ్యి వేసి కిందికి అదిమి, తనే లేచి నిలబడింది.

"నేనే కొడుకా. ఉగాది నుంచి నా వంతే. గుండ్లు గూడ నేనే చిన్నయి పెట్టిన. పడవ ఉంటే మనిషి పోతుండె."

శాంత గోడవారగా కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ పిల్లవాడు చిన్నయ్య పెదవి మీది గాయాన్ని, ఐలమ్మ మొగాన్ని చూశాడు. తర్వాత తుపాకి భుజానికి తగిలించుకుని, తాగడానికి నీళ్లడిగాడు.

ఐలమ్మ చెంబు తేవడానికి బడి లోపలికి పోయింది.