రాజీకాయ కోసిన మా మామ

మా మామ పోయిన సంగతి నాకు మా వాళ్ళెవరూ చెప్పలేదు. మా మరిది పెండ్లాము చెప్పింది. ఆయమ్మ మా గడప తొక్కి ఏండ్లయింది. ఆ పొద్దు కూడా తొక్కలే. వీధిలోనే నిలబడి, మొగం పక్కకు తిప్పుకోని, "అక్కా, మీ మామ మా తోటలో పడిపోయినాడు. మనిషి లేడు" అనింది. నేను చాట ముందరేసుకోని శెనక్కాయలు ఒలుస్తాంటి. అక్కా అని పిలిచింది గదా అని ముందు అనుకుంటి. మామ పోయినాడనేది ఆ తర్వాత తలకెక్కింది.

చీనీ పాదులకు నీళ్ళు మళ్ళిస్తా మళ్ళిస్తా కూలబడినాడంట. పార పక్కనే పడుండాది. కాలువ కట్టేసేవాళ్ళు లేక నీళ్ళు ఆయన నడుముదాకా వచ్చి నిలబడినాయి. అది ఆయన తోట కాదు. తన కొడుకు చేతిలో చచ్చిన మనిషి తోట. ఆ కొడుకంటే నా మొగుడే. ఈ మాట ముందే చెప్పేస్తాండా. దాచిపెట్టి చివర్లో చెప్పేదానికి ఇదేమన్నా కథా?

గుమ్మఘట్ట చుట్టుపక్కల పల్లెల్లో మా మామను ఎరగనోళ్ళు తక్కువ. గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ముల పంపకం వచ్చినా, మేకలు చేలో పడినాయని తలకాయలు పగలగొట్టుకున్నా, ఆయన్నే పిలుస్తాండ్రి. తెలుగోళ్ళు పిలుస్తాండ్రి, కన్నడపోళ్ళూ పిలుస్తాండ్రి. ఆయన రాజీ చేసే తీరు వేరే. బీరు పెట్టి రాజీ చేస్తాండె.

మా పెద్దల కాలంలో రాజీ అంటే ఈతకల్లు. తర్వాత సారాయి అంగళ్ళు వచ్చె. మా మామకు సారాయి అంటే గిట్టదు. "సారాయి తలకెక్కుతాది, బీరు కడుపు నింపుతాది. రాజీకి కడుపు నిండిన మనిషి కావల్ల" అంటాండె. బళ్ళారి నుంచి బీరు సీసాలు మా వైపుకు రాబట్టినంక కల్లు ముంత పోయి గాజుగ్లాసు వచ్చింది. తడి గోనెపట్టా చుట్టి, కడవల కింద ఇసకలో పూడ్చిపెడితే కొంచెం సల్లబడతాండె. అయినా చేదే. ఆ చేదుకు ఏదో ఒక కాయ పక్కన ఉండల్ల. ఉరవకొండ పక్కోళ్ళు పచ్చిమామిడి బద్దకు ఉప్పుకారం అద్ది గ్లాసు అంచుకు గుచ్చుతారంట. గుత్తిలో రైలు దిగినోళ్ళకు నిమ్మచెక్క పిండి ఇస్తారంట. మా కాడ చీనీకాయ, మీరు బత్తాయి అంటారే, అదే. మాకుండే తోటలు అవే గదా, యాపిలుపండు యాడనుంచి తెస్తాము?

ఆడదానివి, ఇవన్నీ నీకెట్ల తెలుసని అడుగుతారేమో. ఆ కాయ కడిగిచ్చేది నేను. గ్లాసులు తోమేది నేను. వాళ్ళు తాగి లేచినంక అరుగు కడిగేది నేను. తెలీక యాడికి పోతాది?

రాజీకి ఒకటే కాయ. మామ దాన్ని ముక్కు కాడ పెట్టుకోని, కండ్లు మూసి వాసన చూసి, అడ్డంగా కోస్తాండె. చెరొక చెక్క చెరొక గ్లాసు మీద పెడతాండె. ఎవుని చెక్క వాడు ఎదుటోని గ్లాసులో పిండల్ల. పిండినంక ఎవుని గ్లాసు వాడు తాగల్ల. అంతే రాజీ. కాగితం లే, సంతకం లే. మామ తాగడు. కత్తికంటిన రసం వేలితో తుడిచి నాలిక్కు రాసుకోని, "నా కూలి ముట్టింది" అని లేస్తాండె. పిండిన తొక్కలు పారేయనీడు. మిద్దె మీద ఎండబెట్టి, మాపటేల నిప్పుల మీద వేస్తే దోమలు పోతాండె. మా ఇండ్లంతా ఆ వాసనే. ఎంతమంది తగాదాలో ఆ పొగలో కాలిపాయ.

ఒక కట్టు మాత్రం ఆయన ఎప్పుడూ తప్పలే. రాజీకి కోసే కాయ ఆ ఇద్దరి తోటల్లోదీ కాకూడదు. మూడో మనిషి తోటలోది కావల్ల. "ఒకని చెట్టు కాయైతే వాడు ఇచ్చినోడు, ఇంగొకడు పుచ్చుకున్నోడు అయితారమ్మా. అప్పుడది రాజీ కాదు, బిచ్చం" అని నాతో ఒకసారి చెప్పినాడు. రాజీకి కాయ కావల్లప్పా అని అడిగితే కాదన్నోడు ఈ పక్క లేడు.

కరువు మాకు కొత్త కాదు. అది మా ఇంటి చుట్టమే. అయితే ఆ ఏడు వచ్చిన కరువు ఇండ్లలోకే వచ్చి కూచునింది. బావులు అడుగంటె. చీనీ చెట్లు ఆకులు ముడుచుకోని, పిందెలు గోలీకాయలంతున్నప్పుడే రాల్చేసె. పదేండ్లు బిడ్డల మాదిరి సాకిన చెట్లను కొట్టి కట్టెల బండ్లకెత్తినారు. మా మామ తమ్ముని కొడుకు, నాకు మరిది, మా గట్టు అవతల బోరు ఇంగా లోతుకు దించినాడు. వాని బోరు పడింది. మా బోరు గాలి దగ్గబట్టె. మా ఇంటాయన పొద్దస్తమానం ఆ మోటరు కాడ కూచోని దాని పక్క చూస్తాండె, జబ్బుపడిన మనిషి పక్క చూసినట్ల.

"వాడు నా నీళ్ళు లాగేసినాడు" అని ఈయన. "భూమిలో నీళ్ళకు పేరు రాసుంటాదా అన్నా? నా చెట్లు సచ్చిపోతాంటే సూస్తా కూచోవల్లనా?" అని మరిది. ఇద్దరిదీ న్యాయమే. అదే మా కర్మ. ఒకరిది అన్యాయమయ్యింటే తిట్టి సరిపెట్టేవాళ్ళం. రాత్రిపూట పైపులు కోసేదాకా వచ్చింది. మా ఇంటాయన మచ్చుకొడవలి నూరుకోని తలదిండు కింద పెట్టుకునేదాకా వచ్చింది. ఇద్దరికీ పానాల మీదికొచ్చిందని ఊరందరికీ తెలుసు.

మామ రాజీకి కూచున్నాడు. సొంత ఇంటి తగాదా, నువ్వొద్దు, వేరే పెద్దమనిషిని పిలుద్దామని అందరూ చెప్పినారు. "ఒకడు కొడుకు, ఇంగొకడు తమ్ముని కొడుకు. నాకంటే నడిమధ్యన ఉండేది ఎవరప్పా?" అన్నాడు. కాయ కోసం పల్లెలన్నీ తిరిగినాడు. యాడా లే. మరిది తోటలో తప్ప ఏ చెట్టుకూ కాయ లే. మరిది తోట కాయ పనికిరాదు. ఇంగ బస్సెక్కి రాయదుర్గం పోయి, అంగట్లో ఒక కాయ కొనుక్కోని, పైగుడ్డలో చుట్టుకోని తెచ్చినాడు. తొడిమెకు రెండాకులు కూడా ఉండాయి. దాన్ని చూసి ఆ మనిషి మొగంలో వెలుగు వచ్చింది. "దొరికిందమ్మా" అన్నాడు. నేనే కడిగిచ్చినా.

గోనెపట్టా తడిపేదానికి నీళ్ళు లేవు. బీరు వెచ్చగానే పోసినారు. మా అరుగు మీద ఈ పక్క మా ఇంటాయన, ఆ పక్క మరిది, నడుమ మామ. ఊళ్ళో మొగోళ్ళు పదిమంది దాకా చుట్టూ ఉండారు. మామ కాయ కోసినాడు, చెక్కలు పెట్టినాడు. మా ఇంటాయన చెక్క చేతికి తీసుకున్నాడు కూడా. నేను వాకిలి లోపలనుంచి చూస్తాండా, ఇంగ ఈ మనిషి దిండు కింద కొడవలి తీసేస్తాడులే అని.

అప్పుడు మా మరిది నవ్వినాడు. పాపం, మంచి మనసుతోనే నవ్వినాడు. మాట కలుపుదామనుకున్నాడు. "పెదనాయనా, ఇది మా తోట కాయే. మొన్న రాయదుర్గం అంగడికి నేనేసింది. రెండాకులు వదిలి కత్తిరించేది నేనే గదా. అన్నా, పిండి చూడు, భలే రసముంటాది" అన్నాడు.

మామ కత్తి పట్టుకున్న చేయి అట్లే నిలిచిపాయ. కరువులో మూడో తోట అనేది లేకుండా పోయిందని ఆ మనిషికి తోచలే. అంగట్లో కొంటే మూడో మనిషిదే అనుకున్నాడు.

మా ఇంటాయన చేతిలో చెక్కను చూసినాడు. "రసమా ఇది? నా బోరు నీళ్ళు రా ఇవి. నా నీళ్ళు తాగి పెరిగిన కాయ నేను నీకు పిండల్లనా?" అని చెక్కను వీధిలోకి ఇసిరేసి, గ్లాసు బోర్లా తోసినాడు. అంతమందిలో గ్లాసు తోసేస్తే మరిదికి మాత్రం మానముండదా? వాడూ లేచిపాయ.

ఆ ఎండాకాలమే, గట్టు మీద, పట్టపగలు, మా ఇంటాయన వాణ్ణి నరికినాడు. కేక విని మామ పరిగెత్తినాడు. ఆయన కండ్ల ముందరే రెండో దెబ్బ పడింది. మరిది పెదనాయనా అని పిలిచి పోయినాడంట. ఆ మాట మామ నాకు ఒకేసారి చెప్పినాడు, మళ్ళీ ఎప్పుడూ ఎత్తలే.

కోర్టులో మామ సాక్షం చెప్పినాడు. "నా కొడుకే నరికినాడు. నేను చూసినా" అన్నాడు. ఆ మాట లేకుంటే కేసు నిలిచేది కాదని వకీలు చెప్పినాడు. జీవితఖైదు పడింది. నేను ఆ పొద్దు మామకు సంగటి పెట్టలే. నోటికొచ్చినట్ల తిట్టినా. అన్నీ విని, "అబద్ధం చెప్తే వాడు ఇంటికొస్తాడమ్మా. వాని వెనకాల ఇంగొకడు కత్తెత్తుకోని వస్తాడు. ఆ తర్వాత నీ కొడుకు పోతాడు" అన్నాడు. మరిది కొడుకు అప్పుడు బడిలో చేరిన పిల్లోడు. నా కొడుకు వానికంటే కొంచెం పెద్ద.

మరుసటి వారం నుంచే పార భుజానేసుకోని మరిది తోటకు పోబట్టె. తోడికోడలు రాళ్ళెత్తుకోని తరిమింది. "సంపినోని నాయనవు, నా గట్టు తొక్కితే నీ కాళ్ళిరగ్గొడతా" అనింది. ఆయన గట్టు బయటే కూచున్నాడు. పొద్దుగూకినంక ఇంటికొస్తాడు, తెల్లారితే మళ్ళీ పోతాడు. కరెంటు ఎప్పుడొస్తాదో ఎప్పుడు పోతాదో, ఆడమనిషి ఒక్కతి ఎన్నని చూసుకుంటాది? ఒక దినం ఆయమ్మ జ్వరంతో లేవలేకపాయ. మామ లోపలికి పోయి నీళ్ళు కట్టినాడు. ఆ తర్వాత ఆయమ్మ తరమలే. మాట్లాడనూ లే.

నాకు కోపం రాదా? మా తోట ఎండి కట్టెలైపాయ. నా కొడుకు చిన్న వయసులోనే కూలికి పోబట్టె. "సొంత మనమడు రాళ్ళు మోస్తాంటే నువ్వు వాళ్ళ చెట్లకు నీళ్ళు కడతాండావా మామా?" అని అడిగినా.

"ఆ పిల్లోడు పెద్దోడైతాడమ్మా. నా కొడుకు జైలునుంచి వస్తాడు. ఆ రెండిటి మధ్యలో ఉండే కాలమే నాది. వాడు కత్తి పట్టే దినం వస్తే, నా మొగం వానికి గుర్తు రావల్ల. అంతకంటే నా చేతిలో ఏముండాది?"

ఆ పిల్లోనికి పాదులు తీసేది నేర్పినాడు, ఎండుపుల్ల కోసేది నేర్పినాడు. పిల్లోడు తాతా తాతా అని వెంట తిరుగుతాండె, పెద్దయ్యేకొద్దీ ఆ పిలుపు తగ్గిపాయ. రాజీకి రమ్మని ఊర్లోళ్ళు ఎంతమంది వచ్చినా మామ పోలే. బీరు వాసన పడితే లేచి పోతాండె. "కాయ చూసుకున్నా గాని కరువును చూసుకోలేకపోతి" అని ఒకసారి తనలో తాను అనుకుంటాంటే విన్నా. నాకు కోపమంతా దిగిపోయింది ఆ పొద్దే.

జైలుకు కబురు పోయేలోపే మట్టి అయిపాయ. కొడుకు స్థానంలో నా కొడుకే గుంతదాకా నిప్పుకుండ పట్టినాడు.

మూడోదినం పాలు పోసేదానికి నేనూ నా కొడుకూ పోయినాము. మరిది కొడుకు ముందే వచ్చి దూరంగా నిలబడుండాడు. మీసాలొచ్చిన మొగోడు ఇప్పుడు. మేము పోసేదాకా కదల్లే. అయినంక నా కొడుకు పక్క చూసి అడిగినాడు.

"మీ నాయనను ఎప్పుడు వదుల్తారు?"

ఇన్నేండ్లు నేను ఏ మాటకు భయపడినానో ఆ మాటే. అబద్ధం చెప్పేదానికి నా నోట్లో మాట కూడా సిద్ధమైంది. మామ మట్టి కాడ నిలబడి అబద్ధం రాలే.

"ఉగాదికి అంటాండారు" అన్నా.

"ఆయప్పను ఈ ఊరికి రావద్దని చెప్పు పెద్దమ్మా. మనసులో పుట్టిందంతా తాత మొగం చూసి మింగుతా వస్తి. ఇంగ తాత లేడు. ఆయప్ప కండ్లకు కనపడితే నేను ఊరకుండలేను. ఈ మాట నీకు చెప్పకుండానూ ఉండలేకపోతి."

"చెప్తా నాయనా" అన్నా.

నరికేవాడు ముందుగా వచ్చి చెప్పడు మా పక్క. వీడు చెప్పినాడు. అన్నేండ్లు ఎండలో నీళ్ళు కట్టి మా మామ సంపాదించింది అదే. మొగుడు ఈ ఊరికి రాకుండా ఉండల్లంటే నేను ఊరు విడవల్ల. యాడికో ఇంగా తెలీదు. మొగుడు బతికుంటాడు, ఈ పిల్లోడు జైలు చూడకుండా ఉంటాడు. అది చాలు అనుకోవల్ల, అనుకుంటాండా.

వాడు వెనక్కు తిరిగి పోతా పోతా ఆగినాడు. కుక్కలు తవ్వకుండా మట్టి మీద పరిచిన కంప ఒకపక్క గాలికి జారిపోయుండాది. దాన్ని ఈడ్చుకోనొచ్చి మామ తలాపున వేసి, ముండ్లు కాలికి గుచ్చుకుంటాండా చూసుకోకుండా, వట్టికాలితో తొక్కి గట్టిగా అదిమినాడు.