ఆమె ముట్టని ముద్ద

మొన్న హిందూపురంలో మా ఇంటికి, వృద్ధుల బాగోగులు కనుక్కునే పని మీద ఒక అమ్మాయి వచ్చింది. ఎండన పడి వచ్చింది కదా అని మజ్జిగ తెచ్చి ముందు పెడితే, ఏమీ అనుకోకండి, మేం తీసుకోకూడదు అంటూ సంచిలోంచి తన నీళ్ల సీసా తీసి తాగింది. ఎంతో మర్యాదగానే చెప్పింది గానీ, నాకు మాత్రం గుండెలో కలుక్కుమంది.

యాభైల నడుమ మేము ధర్మవరంలో ఉండేవాళ్లం. నాయన పట్టుచీరలు నేసేవాడు. మా అక్కకు పసితనంలో వచ్చిన జ్వరానికి ఎడమకాలు చచ్చుబడి, గోడ పట్టుకుని నడిచేది. పెనుకొండ నుంచి సంక్షేమశాఖ తరఫున ఒకామె మా వీధికి వస్తుండేది. కోస్తా మనిషి. ఏ బడిలోనూ పాఠం చెప్పకపోయినా మేమంతా ఆమెను టీచరమ్మ అనేవాళ్లం. బెంగుళూరు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయిస్తే అక్క మామూలుగా నడుస్తుందనీ, ఖర్చంతా సర్కారుదేననీ, మగ్గం వదిలి మేమెవరం రాలేకపోతే తానే వెంట తీసుకెళ్లి దగ్గరుంటాననీ ఆమె చెప్పినప్పుడు నాయన ముఖం వెలిగిపోయింది.

నాయన వాళ్లమ్మ, మా అవ్వ, లోపలికి వెళ్లి, రాగిసంగటి ముద్ద, చెనక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి పళ్లెంలో పెట్టుకొచ్చింది. చెంచాడు నెయ్యి కోసం నన్ను పక్కింటికి తరిమింది కూడా. టీచరమ్మ చేతులు జోడించి వద్దంది. పోనీ మంచినీళ్లయినా తాగమంటే అవీ వద్దంది. మన ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో పెట్టిన కూడు వద్దనడమంటే ఆ ఇంటి మనుషులనే వద్దనడం.

ఆమె గడప దాటగానే అవ్వ తేల్చేసింది.

“బిడ్డను నేను పంపను.”

“కాలు బాగవుతుందంటే కూడుతో పనేముందిమా?” అన్నాడు నాయన.

“పనుండాదప్పా. మనింట్లో గుక్కెడు నీళ్లు గూడా తాగని మనిషి, ఆడ మన బిడ్డ ఏడిస్తే దగ్గరికి తీసుకుంటాదా?”

ఆ తర్వాత టీచరమ్మ ఎన్నిసార్లు వచ్చి అడిగినా నాయన తల వంచుకునేవాడే తప్ప కారణం చెప్పలేదు.

అరవైల చివర నాకు పెనుకొండలో ఆమె కిందనే ఉద్యోగం దొరికింది. ఒక మధ్యాహ్నం క్యారియర్లు విప్పుకుని తింటుండగా, మీవాళ్లు ఆపరేషన్‌కు భయపడ్డారు కదూ అని ఆమె అడిగితే, అవ్వ అన్న మాట చెప్పేశాను. ఆమె చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పేదల ఇళ్లలో తింటే వాళ్ల పిల్లల నోటి దగ్గరి కూడు లాక్కున్నట్టేననీ, నీళ్లకు ఒప్పుకుంటే కూడు కూడా పెడతారు గనుక అవీ ముట్టొద్దనీ శిక్షణలో నేర్పారట. ఆ ముద్దను తిరిగి గిన్నెలో పెట్టేసి అంది.

“ఆ రోజు పొద్దుటి నుంచీ నేనేం తినలేదు. మీ అవ్వ ముద్ద పెడితే ఎంత ఆకలేసిందో.”

ఆ ఆదివారమే నాతో ధర్మవరం వచ్చి, మా ఇంట్లో కింద కూర్చుని సంగటి అడిగి పెట్టించుకుంది. అప్పటికి అవ్వ లేదు. అక్క గోడ పట్టుకుంటూ వచ్చి వడ్డిస్తే, కళ్లు తుడుచుకుంటూ తింది. ఆపరేషన్‌కు ఈడు దాటిపోయిన అక్క మాత్రం చివరిదాకా గోడ పట్టుకునే నడిచింది. తప్పు ఎవరిదని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. అవ్వా, టీచరమ్మా ఇద్దరూ అక్క మేలు కోరినవాళ్లే.

ఇప్పుడు ఎవరి నీళ్లు వాళ్లు తెచ్చుకుంటున్నారు, పనులూ చకచకా అయిపోతున్నాయి, నేను కాదనను. కానీ ఆ అమ్మాయి వెళ్లాక చాలాసేపు మజ్జిగ గ్లాసు తీయబుద్ధి కాలేదు. మళ్లీ వస్తే ఈ సంగతంతా చెప్పి, ఒక్క గుక్క తాగమని బతిమాలాలి. ఇక్కణ్నుంచి వెళ్లే ఇంట్లో ఏ అవ్వ పళ్లెం పట్టుకుని చూస్తూ ఉంటుందో.