ఖాళీ ఇంటికి కాపలా

"మా బావగారిని పూడ్చిన రోజు నువ్వెందుకు రాలేదక్కా?"

తోడికోడలు రోబర్టా ఒర్లీనాను ఈ మాట అడిగింది ట్రక్కులో, ఫైర్ స్టేషన్ ముందు బళ్ల వరసలో. స్టీరింగ్ దగ్గర రోబర్టా మొగుడు గార్లండ్. ఒర్లీనా ఒళ్లో మందుల సంచి, వెనక పరికరాల డబ్బాలో పోయిన ఆమె భర్త డెల్మర్ రివాల్వర్. అక్కర్లేని తుపాకులూ, మిగిలిపోయిన మందులూ షెరిఫ్ మనుషులకు అప్పగించే శనివారం అది.

వెస్ట్ వర్జీనియాలోని ఆ బొగ్గు లోయలో చావు కబురు పేపర్లో వేస్తే అంత్యక్రియల వేళ కూడా వేస్తారు. దొంగలకు అది చాలు. పోయింది కేన్సర్ మనిషైతే ఇంట్లో మత్తెక్కించే నొప్పి మాత్రలుంటాయి, ఆ వేళకు ఇల్లు ఖాళీగా ఉంటుంది. అందుకని ఎవరో ఒకరు తుపాకీ పట్టుకుని కాపలా కూర్చోవాలి. పదకొండేళ్లుగా ఊరందరికీ ఆ పని ఒర్లీనాదే. ప్రతిఫలం ఓ కొబ్బరి కేకు. మాత్రలు పారేస్తే పోదా అనొచ్చు. డబ్బు పోసి కొన్న మందు పారేయడానికి అక్కడ ఎవరికీ చేతులు రావు. మనిషిని కాల్చడానికి మాత్రం సిద్ధపడతారు. ఇరుగుపొరుగు మంచితనమని దానికి పేరు.

డెల్మర్ పోయినప్పుడు మరొకరిని నమ్మలేక తన ఇంటికీ తనే కూర్చుంది. పొగమంచు ఏరు దాటి వచ్చి వంటింటి కిటికీకి అంటుకుంది. అవతలి గట్టున చర్చిలో పాట మొదలైంది; నీళ్ల మీదుగా వచ్చేసరికి మాటలు కరిగిపోయి రాగం ఒక్కటే మిగిలింది. పక్కగదిలో ఎవరో దగ్గినట్టుంది. గడియారం ఆగిందో, తనే ఆగిందో. వెనక తలుపు తెరుచుకుంది. మంచులో డెల్మర్ భుజాలు, డెల్మర్ నడక. తుపాకీ మీట మీద ఆమె వేలు అప్పటికే సగం వంగింది.

"బూట్లు విప్పి రా, డెల్మర్," అంది.

"నేను వదినా, గార్లండ్‌ని."

నల్లకోటులో నిలబడి ఏడుస్తున్నాడు. గనిలో విరిగిన నడుం అతనిది. నాలుగంటే నాలుగు మాత్రలు ఇమ్మన్నాడు, మళ్లీ అడిగితే చెప్పుతో కొట్టమన్నాడు. ఆమె ఇవ్వలేదు. పోయి అన్నను మొయ్యమంది. వెళ్లాడు. తరవాత మూడు వారాలూ ఆమె నిద్రలో ఆ వేలు వంగుతూనే ఉంది, చివరిదాకా.

ఇప్పుడు గార్లండ్ రోడ్డునే చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

కాపలా కూర్చున్నానంటే ఎవరైనా వచ్చారా అని అడుగుతుంది. "నిద్రపట్టేసింది," అంది ఒర్లీనా.

"పెట్టె దించే వేళకా? నీకంటే మీ పిల్లి నయం, వారం రోజులు ముద్ద ముట్టలేదు."

వరస కదిలింది. షెరిఫ్ మనిషి వచ్చి రివాల్వర్ తీసుకుని, గుళ్లు లేవని చూసుకున్నాడు. మాత్రలు వేసే డబ్బా పదడుగుల అవతల ఉంది. ఒర్లీనా సంచి తీసి గార్లండ్ చేతికిచ్చింది.

"నా మోకాళ్లు బాగాలేవు. నువ్వేసి రా."

ఆమె మోకాళ్లకేం కాలేదు. అతను నడుం పట్టుకుని వెళ్లాడు. ఆమె అటు తిరగలేదు. సీసాలు ఒక్కొక్కటే డబ్బాలో పడ్డ చప్పుడు విన్నది, అన్నీ పడేదాకా. అతను ఖాళీ సంచి మడతపెట్టి తెచ్చిచ్చాడు.

తుపాకీకి వంద డాలర్ల గిఫ్ట్ కార్డు ఇస్తామన్నారు. వీళ్ల వంతు వచ్చేసరికి కార్డులు అయిపోయి చీటీ రాసిచ్చారు. ఆ వంద ఇంకా రాలేదు.